బాలల పుస్తకములు – బాలికల స్థానము

ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను, వేడెక్కిన బోర్లకుండపై పరచి, లిప్తలో రేకు తీయు నేర్పు ప్రధానముగా స్త్రీలది. ఈ గ్రామ వర్తకమునకు వారి రెక్కల కష్టమే ఆధారము. కాని ఆ యింటి బిడ్డ చదువు కథల పుస్తకములను విప్పిచూడుడు. పెక్కింటిలో తండ్రి సంపాదించును, తల్లి వండును. అన్న చెట్టెక్కును, చెల్లి క్రింద నిలిచి చూచును. బిడ్డ తన కన్నులను నమ్మవలెనా, పుస్తకమును నమ్మవలెనా?

గోదావరి కావలిగట్టున ధవళేశ్వరములో వీరేశలింగము పంతులుగారు 1874లో బాలికా పాఠశాలను స్థాపించిరి. బాలికకు పుస్తకము నిచ్చుటయే నాడు సాహసము. నేడామె చేత పుస్తకమున్నది. పుస్తకమున ఆమెకు తగిన చోటు లేదు. ఆ శేషకార్యము మనది.

ఇది అసాధ్యమేమియు గాదు. హైదరాబాదులోని అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ అను పేర సిద్ధపరచిన బాలల కథలు 2008లో తెలుగు, మలయాళ, ఆంగ్ల భాషలలో వెలువడినవి. అందు గోగు శ్యామలగారి కథలో, పొలము పనికి పోయిన దళిత బాలిక దౌర్జన్యమునకు దిగిన భూస్వామి నెదిరించి గెలుచును. ఆమెను రక్షించుటకు రాకుమారుడు రానక్కరలేకపోయెను.

ఇట్టి కథలు సంప్రదాయమును చెరచునని కొందరు మిత్రులు శంకింతురు. వారు ర్యాలికి పోయి జగన్మోహినీ కేశవస్వామిని దర్శింతురు గాక. శిల యొక్కటే, ముందు కేశవుడు, వెనుక మోహిని. స్వామికి చెల్లినది మన పిల్లలకు చెల్లదా? బాలుడు వంట నేర్చినను, బాలిక పడవ నడపినను కూలిపోవునంత బలహీనమైనది కాదు మన సంప్రదాయము.

అయితే, కథ కథగా నుండవలెను. ఉపన్యాసము మొదలుపెట్టిన పుస్తకమును బిడ్డ రెండవ పుటలోనే మూసివేయును. ఈ మాట రచయితలకు మా ప్రత్యేక మనవి.

చదువరులకు మరియొక మనవి. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును చెల్లించుచున్నాము. ఆ ధనముతో ఎట్టి పుస్తకములు కొనుచున్నారో అడుగు హక్కు మనకు గలదు. అడుగని హక్కు కాలదోషము పట్టిన పత్రము వంటిది. కొనువారు లేనిచో వ్రాయువారును, అచ్చొత్తువారును నిలువలేరు. కావున ఈ వారమే మీ పఠనమందిరమున బాలల బీరువాను తెరువుడు. ఎన్ని కథలలో బాలిక తన కాళ్ళపై నిలిచినదో లెక్కింపుడు. కావలసిన పుస్తకముల పట్టికను వ్రాసి గ్రంథపాలకున కందజేయుడు.

రేకు తీయు తల్లి ప్రక్కన కూర్చుండి చదువు బిడ్డకు, ఆ తల్లి ఏదో యొక పుటలో కనబడవలెను. మేము కోరునది ఇంతియే.