ఎకరము విలువ

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ బుద్వేలులో సుమారు నూరెకరముల భూమిని వేలము వేసెను. ఎకరము సగటున 36 కోట్ల రూపాయలు పలికినది. ఆ వార్త విన్న పలువురు అభివృద్ధి యనగా నిదియే యని సంతసించిరి. భూమి ధర పెరిగినది, నిజమే. బ్రతుకు కూడ అంతగా బాగుపడినదా యనునది వేరు ప్రశ్న.

పూర్వకాలమంతయు బంగారుకాలమని నిట్టూర్చువారి మాట నమ్మదగినది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది ప్రజలు మరణించిరి. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. మొదటిది 1920లోను, బుద్వేలుకు చేరువనున్న రెండవది 1927లోను పూర్తియైనవి. అవి వరద నాపినవి, నగరమునకు త్రాగునీరిచ్చినవి. ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన మశూచికము 1980 నాటికి లోకమున లేకుండ పోయినది. ఇట్టి ప్రగతిని కాదనుట కృతఘ్నత.

అయితే అవసరము తీరుట వేరు, కోరిక పెరుగుట వేరు. నగరమునకు నేడు కృష్ణా, గోదావరి జలములు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి యంత్రబలముతో వచ్చుచున్నవి. జనము పెరిగినందున ఇందు కొంత తప్పనిసరి. కాని దాని ఫలితము విచిత్రము. జంట జలాశయముల పరీవాహక ప్రాంతమును కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ ఉత్తరువు ద్వారా 84 గ్రామములలో కట్టడములపై ఆంక్షలు విధించినది. 2022లో వాటిని తొలగించుచు వేరొక ఉత్తరువు వెలువడెను. నగరమునకు ఆ జలాశయముల నీటి అవసరము మిగుల తగ్గినదనుట అందు చూపిన కారణములలో నొకటి. దూరపు నది దొరికినది గనుక పెరటి బావి అక్కరలేదన్నట్లు!

ఈ భ్రమకు మూలము లెక్కించు పద్ధతిలో నున్నది. పెరటి బావినీరు తోడుకొను కుటుంబము జాతీయాదాయపు లెక్కలో కానరాదు. బావి యెండి ట్యాంకరు నీరు కొన్ననాడు కానవచ్చును. నీరు పోయినది, ఆదాయము పెరిగినది! ఆధునిక జాతీయాదాయ గణనకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్సు 1934లో అమెరికా సెనేటునకు సమర్పించిన నివేదికలోనే, ఆ అంకెను చూచి ప్రజల క్షేమమును ఊహింపరాదని హెచ్చరించెను. అంకెను అందరు గ్రహించిరి; హెచ్చరికను విన్నవారు కొందరే.

బుద్వేలునకు సమీపముననే, శంషాబాదు పోవు త్రోవలో, గగన్‌పహాడు కలదు. అచ్చటి అప్పచెరువు శిఖము భూమిలో కట్టడములు లేచి, నీరు నిలుచు చోటు కుదించుకొనిపోయెను. 2020 అక్టోబరులో కుండపోత వానకు చెరువుకట్ట తెగినది. వరద జాతీయరహదారిని కోసివేసి, మనుష్యులను పొట్టనబెట్టుకొనెను. రహదారిని మరల బాగుచేసిరి. ఆ పనియు జాతీయాదాయములో చేరును. చెరువు నిండుగా నున్న కాలమున ఊరికి చేసిన మేలు ఏ యేటి లెక్కలోను చేరలేదు. 2024లో అధికారులు యంత్రములు తెచ్చి, శిఖములో లేచిన కట్టడములను కూల్చివేసిరి. ఆ కూల్చివేతయు లెక్కలో చేరును.