నడివయసు ఇళ్ళు

అదేమిటో గానీ, నడివయసంత చిక్కు మరొకటి లేదు. పడుచువాళ్ళకి మురిపెం, ముసలివాళ్ళకి గౌరవం, మధ్యవాళ్ళకి చాకిరీ! నేనూ ఆ వయసుదాన్నే, నాకు తెలుసు. మా విశాఖపట్నంలో ఇళ్ళ సంగతీ అంతే.

జయపురం రాజావారి హవామహల్ అంటే అందరికీ ముద్దే. పాత టౌన్‌హాలు ముందు ఫొటోలు దిగుతాం. కొత్త అద్దాల మేడలంటే సరేసరి. మరి 1933లో రేవు తెరిచాక, 1941లో ఓడల కర్మాగారానికి పునాది పడ్డాక, ఉద్యోగాల కోసం వచ్చిన గుమాస్తాలూ మేష్టర్లూ అప్పులుచేసి కట్టుకున్న ఇళ్ళో? "పాతకొంప, పడగొట్టెయ్యండి!"

మహారాణిపేటలో మా తాతగారు 1956లో కట్టిన ఇల్లూ అలాంటిదే. అర్ధచంద్రాకారపు వరండా, ఎర్రగచ్చు, మెట్లమీద ఓడకిటికీ లాంటి గుండ్రటి వెంటిలేటరు. సిమెంటు జాలీలోంచి మధ్యాహ్నం సముద్రపుగాలి వంటింటిదాకా వచ్చేది. పొయ్యిదగ్గర నిలబడే ఆడదాన్ని తల్చుకున్న మేస్త్రీ ఎవరో మహానుభావుడు! ఇప్పుడక్కడ అయిదంతస్తులు లేచాయి. వంటగదికి ఒకటే కిటికీ, అదీ పక్కవాళ్ళ గోడకెదురుగా.

బిల్డరుని తిట్టబోయి ఆగాను. అమ్మకం కాయితాలమీద అమ్మదీ, అన్నయ్యదీ అయ్యాక మూడో సంతకం నాదే మరి! "ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టింది, శ్లాబు పెచ్చులూడుతోంది" అన్నాడు అన్నయ్య. నిజమే. కానీ బాగుచేయించవచ్చా అని ఒక్క ఇంజనీరునైనా అడిగామా? మోకాలు నొప్పంటే డాక్టరు కాలు తీసేస్తానంటే ఊరుకుంటామా?

"ఇవేం పురాతన కట్టడాలా?" అంటారు. కావు. నడివయసులోనే చంపేస్తే ముసలితనం ఎక్కణ్ణించి వస్తుందండీ?

అన్నీ ఉంచమనడం లేదు. ఖర్చు ఎవరిదో నాకూ తెలుసు. 1930, 1970ల మధ్య కట్టినవాటికి నగరపాలక సంస్థ ఓ జాబితా రాయాలి. ఉంచుకున్నవాళ్ళకి ఇంటిపన్ను కాస్త తగ్గించాలి. పడగొట్టక తప్పనివాటికి ముందుగా ప్లానూ, నాలుగు ఫొటోలూ తీసి దాచాలి. ఇదేం గొంతెమ్మ కోరికా? రాజులు కట్టిందే చరిత్రయితే, మన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎక్కడ బతికినట్టు?

మా ఇంటికి మిగిలింది ఒక్కటే ఫొటో. నా పెళ్ళినాటిది. అందులోనూ పందిరి అడ్డొచ్చి, ఇల్లు కనిపించదు.