కొయ్యబొమ్మలకు కొత్త రంగు

దసరా కొలువుకు పెట్టె తెరిచినప్పుడు పాత కొయ్యబొమ్మలు వెలిసి కనిపిస్తే, గూళూరు సోదరీమణులు వాటిని పారవేయరాదని మా మనవి. కొండపల్లి వారు తెల్లపొణికి బొమ్మకు చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కు పెట్టి, సుద్ద పూసి, ఆపైన రంగు వేస్తారు. మన బొమ్మల పగుళ్లకూ ఆ మక్కే చాలును.

చేత పట్టి పూస్తే తడి రంగుపై వేలిముద్రలు పడతాయి. అరచేతి వెడల్పు చెక్కకు అడుగునుంచి మేకు కొట్టి, పైకి వచ్చిన మొనపై బొమ్మను గుచ్చండి. చెక్కను తిప్పుతూ పూసి, అలాగే ఆరనివ్వండి. ఎన్ని బొమ్మలున్నా ఒక రంగు అన్నిటికీ ముగిశాకే రెండవది ముట్టండి. కుంచె కడిగే పని తగ్గుతుంది.

ఒక్క హెచ్చరిక: పాత రంగులో సీసం ఉండవచ్చును. గీకి ధూళి లేపవద్దు. పసిపిల్లల నోటికి అందనివ్వవద్దు.