బైలడిలా గేటు అవతలి కొలువులు

ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలడిలా కొండల్లో, కిరందుల్ దగ్గర తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస-కిరందుల్ (కేకే) రైలు మార్గం మీదుగా విశాఖకు రావడం 1968 నుంచీ సాగుతున్నదే. తవ్వే ఎన్‌ఎండీసీకి ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అంచేత బస్తర్ దుమ్ము మనకు పరాయి సంగతి కాదు. పర్యావరణ, వృత్తి ఆరోగ్య శాస్త్రం చదివిన మన పిల్లలకు కొలువులెక్కడ అని అడిగేవారు ఒకసారి అటు చూడాలి.

గని, ఫ్యాక్టరీ గేటు లోపలి కొలువులకు చట్టం అండ ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం వంద మందికి తగ్గని గనిలో, 500 మందికి తగ్గని ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీకైతే ఆ హద్దు 250. అయితే ఫ్యాక్టరీ కొలువుకు ఉత్త డిగ్రీ చాలదు, ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో, చెన్నైలోని ప్రాంతీయ సంస్థలో అది చదవొచ్చు.

మనవాళ్లు అంతగా పట్టించుకోని కొలువు ఇండస్ట్రియల్ హైజీనిస్టుది. కార్మికుడి కాలరుకు చిన్న ఫిల్టర్ తగిలించి, నడుముకు పంపు కట్టి, షిఫ్టంతా అతని ముక్కు దగ్గరి గాలిని లాగిస్తాడు. ఫిల్టర్‌ను ముందూ తర్వాతా తూచి దుమ్మెంతో తేలుస్తాడు, పరీక్షకు పంపి అందులో సిలికా ఎంతో చెబుతాడు. సిలికోసిస్ వచ్చాక నయం చేసే మందు లేదు. రాకముందే దుమ్ము తగ్గించాలి. ఆ పని డాక్టరుది కాదు, ఇతనిది.

ఇలా కొలిచేవాళ్ల అసలు లోటు గేటు బయట ఉంది. శంఖిని, డంకిని నదుల్లో ఎర్రనీళ్ల గురించి దంతెవాడ పల్లెలు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నాయి. గనుల దగ్గరే కాదు, వలస పొలాల్లోనూ అదే లోటు. ఏటా మిర్చి కోతలకు బస్తర్ ఆదివాసీలు ఖమ్మం, ములుగు, భద్రాద్రి జిల్లాలకు వస్తారు. ఎండ, ఘాటు, పురుగుమందు అన్నీ వారి ఒంటి మీదే. ఆ పొలాల్లో సేఫ్టీ ఆఫీసర్ అన్న మాటే లేదు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు తోటల నుంచి కాలినడకన బయల్దేరిన బస్తర్ ప్రాంతంలోని బీజాపూర్‌కు చెందిన 12 ఏళ్ల బాలిక ఇల్లు చేరకుండానే ప్రాణం విడిచింది.

ఈ లోటు డబ్బు లేక కాదు. పాత గని లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి కట్టాలని 2015లోనే నిర్ణయమైంది. తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం ఆ నిధికి ప్రాధాన్య రంగాలు. భవనాలు కట్టినంత ఉత్సాహంగా దంతెవాడ అధికారులు నీళ్లనూ గాలినీ కొలిచే మనుషులను నియమించాలి. మిర్చి జిల్లాల కలెక్టర్లు కోతల కాలానికైనా ఒక్కో మండలానికి అలాంటి ఒకరిని పెట్టాలి.