ఖురాన్ మీద నకలు నింద

బైబిల్ కథలనే అటూ ఇటూ మార్చి రాసుకున్నది ఖురాన్ అనే మాట ఇప్పుడు ఖానాపూర్ చాయ్ హోటళ్లలో కూడా తేలిగ్గా వినపడుతుంది. ఒకరు ఫోన్లో వీడియో చూసి అంటారు, పక్కనున్నవాళ్లు తల ఊపుతారు. సువార్త కూటాలకు పోయొచ్చినవాళ్లూ అంటారు, ఏ దేవుడూ లేడనేవాళ్లూ అంటారు, ముస్లింలను తక్కువ చేసే మాట ఏది దొరికినా చాలనుకునేవాళ్లూ అంటారు. ఎవరి అవసరం వాళ్లది. మాట మాత్రం తప్పు. రెండు గ్రంథాలూ ముందేసుకుని ఓపికగా చదివినవాళ్లు ఇంత తేలిగ్గా ఆ మాట అనలేరు.

నింద పాతదే. మక్కాలో ఖురాన్ ఆయతులు (వచనాలు) ఇంకా విడతలు విడతలుగా వినిపిస్తున్న రోజుల్లోనే అక్కడి పెద్దలు ఇదే ఆరోపణ చేశారు. పూర్వుల గాథలను ఎవరో చెబుతుంటే ముహమ్మద్ రాయించుకుంటున్నాడన్నారు. ఆ సంగతి మనకెట్లా తెలుసు? ఖురాన్ చెప్పబట్టే తెలుసు. 25వ సూరాలో (అధ్యాయంలో) ఆ ఆరోపణ నమోదై ఉంది. 16వ సూరాలో దానికి సమాధానం ఉంది: మీరు చూపిస్తున్న మనిషిది పరాయి భాష, ఇది తేట అరబీ అని. తన మీద పడిన నిందను తన పేజీల్లోనే దాచిపెట్టుకుని, జవాబు చెప్పి, పద్నాలుగు వందల ఏళ్లుగా ఇంటింటా చదివిస్తున్న గ్రంథమిది. ఈ నిందను కొత్తగా కనిపెట్టామనుకునేవాళ్లు ముందు ఆ రెండు సూరాలైనా చూడాలి.

ఇక అసలు విషయం. పరీక్షలో నకలు కొట్టినవాడు పక్కవాడి హాల్ టికెట్ నంబరు తన పేపరు మీద రాయడు. ఖురాన్ రాస్తుంది. 21వ సూరా 105వ ఆయతులో, నీతిమంతులే భూమికి వారసులవుతారని జబూర్‌లో ముందే రాశామని ఉంది. జబూర్ అంటే దావూద్ ప్రవక్తకు ఇచ్చిన గ్రంథం, మన క్రైస్తవ సోదరులు చదివే దావీదు కీర్తనలు. 37వ కీర్తన 29వ వచనం తీసి చూడండి, ఆ మాట అక్కడుంది. అట్లాగే ఒక్క ప్రాణం తీస్తే మనుషులందరి ప్రాణం తీసినట్టే, ఒక్కరిని బతికిస్తే అందరినీ బతికించినట్టే అన్న మాటను ముస్లింలు చాలా గొప్పగా చెప్పుకుంటారు. అది 5వ సూరాలో ఆదాము కొడుకుల హత్యోదంతం వెంటనే వస్తుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో యూదు పండితులు కూర్చిన మిష్నాలో, మరణశిక్ష పడే కేసుల్లో సాక్షులను హెచ్చరించే చోట, అదే హత్యను గుర్తుచేస్తూ ఇదే మాట ఉంది. దొరికిపోయారని ఎగిరి గంతేసేవాళ్లు ఆయతు మొదటి ముక్కను వదిలేస్తారు. ఇశ్రాయేలు సంతతికి మేము ఈ శాసనం చేశామని అక్కడ స్పష్టంగా ఉంది. అది ఎవరికిచ్చిన మాటో చెప్పి మరీ గుర్తుచేస్తున్నదాన్ని దొంగతనం అనడం ఏ న్యాయం?

18వ సూరాలో గుహవాసుల కథ ఉంది. హింసకు భయపడి గుహలో దాక్కున్న యువకులు తరాల తరబడి నిద్రపోయి లేచిన కథ. 521లో చనిపోయిన సెరూగ్ యాకోబు అనే సిరియా క్రైస్తవ కవి దీన్ని పద్యాల్లో చెప్పాడు. అంతకుముందే ఆ కథ జనం నోళ్లలో ఉంది. ఖురాన్ ఆ కథను ఎట్లా చెబుతుందో చూడండి. వాళ్లు ముగ్గురని కొందరంటారు, ఐదుగురని కొందరు, ఏడుగురని ఇంకొందరు, లెక్క నా ప్రభువుకే బాగా తెలుసునని చెప్పు, దీని మీద వాదానికి దిగవద్దు అంటుంది. కథ తెలిసిన జనం ఎదురుగా కూర్చుని ఉన్నారని, వాళ్లు అప్పటికే దాని మీద తగవులాడుకుంటున్నారని ఆ ఆయతే చెబుతోంది. తెలిసినవాళ్లతో మాట్లాడుతున్న గొంతు అది. అందుకే యూసుఫ్ కథ తప్ప ఏ ప్రవక్త కథనూ ఖురాన్ ఒకే దగ్గర మొదటి నుంచి చివరిదాకా చెప్పదు. మూసా (మోషే) పేరు నూట ముప్పైకి పైగా చోట్ల వస్తుంది, ఆయన జీవితం మాత్రం ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. వినేవాళ్లకు మిగతాది తెలుసు కాబట్టి.

ఎట్లా తెలుసు? పుస్తకాల్లో చదివి కాదు. తేదీ వేసి ఉన్న అరబీ సువార్త ప్రతులు మనకు 9వ శతాబ్దం నుంచే దొరుకుతున్నాయి. అంతకు ముందు ఆ కథలు నోటి మాటగా తిరిగాయి. మదీనాలో ఖైనుఖా, నజీర్, ఖురైజా అనే యూదు తెగలుండేవి. దక్షిణాన నజ్రాన్‌లో క్రైస్తవులుండేవాళ్లు. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు సముద్రం దాటి ఆశ్రయం కోరింది అబిసీనియా క్రైస్తవ రాజును. ఆయన సభలో వాళ్లలో ఒకరైన జాఫర్ వినిపించింది మర్యమ్ సూరా అని ఇస్లామీ సంప్రదాయం చెబుతుంది. ఎత్తిరాసిన సరుకైతే దాన్ని సొంతదారుల దర్బారులోనే చదివి ఆశ్రయం అడగరు.

కథ ఒకటే అయినప్పుడు తేడాలెందుకొచ్చాయంటారు. సరిగ్గా అక్కడే చదవడం మొదలుపెట్టాలి. జలప్రళయాన్ని తీసుకుందాం. ఆదికాండంలో నోవహు, ఆయన భార్య, షేము, హాము, యాపెతు అనే ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, అంతా ఓడలో ఉంటారు, అంతా బతుకుతారు. ఖురాన్ 11వ సూరాలో నూహ్ కొడుకు ఒకడు ఓడ ఎక్కడు. తండ్రి పిలుస్తాడు. కొండెక్కి ప్రాణం కాపాడుకుంటానంటాడు కొడుకు. ఇద్దరి మధ్యకూ అల వస్తుంది. కడెం ప్రాజెక్టు తట్టుకోలేనంత వరద వచ్చి దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన 2022 జూలైని చూసినవాళ్లకు, కొండెక్కుతాననే ఆ మాటలోని గుడ్డి ధైర్యం వేరే చెప్పనక్కర్లేదు. వాడు నా కుటుంబం కదా ప్రభూ అని నూహ్ మొరపెట్టుకుంటే, వాడు నీ కుటుంబం కాడని జవాబొస్తుంది. ఆ జవాబు వింటున్నది ఎవరు? ప్రవక్త ముహమ్మద్ వెంట నడిచి సొంత ఇళ్లకు దూరమైనవాళ్లు. ప్రవక్త తండ్రికి సోదరుడైన అబూ లహబే ఆయనకు బద్ధశత్రువు. రక్తసంబంధం రక్షించదు, నమ్మకమే బంధుత్వం అన్న మాట వాళ్లకు అన్నం కంటే అవసరం. ఆదికాండం మనుష్యజాతి తిరిగి ఎట్లా మొదలైందో చెబుతోంది. ఖురాన్ మనిషి తనవాళ్లను ఎట్లా పోగొట్టుకుంటాడో చెబుతోంది. ఒక్కటే నీళ్లు, రెండు ప్రశ్నలు.

బంగారు దూడ విషయంలోనూ అంతే. నిర్గమకాండంలో దూడను పోతపోసింది సాక్షాత్తు అహరోను. ఖురాన్ 20వ సూరాలో ఆ పని సామిరీ అనే మనిషిది. హారూన్ (అహరోను) వద్దని వారిస్తాడు, జనం వినరు. ప్రవక్తలు తప్పుచేసి పశ్చాత్తాపపడే మనుషులుగా బైబిల్‌లో కనిపిస్తారు, అది దాని బలం. ప్రవక్తలను ఎక్కువగా ఆదర్శాలుగా నిలబెట్టడం ఖురాన్ పద్ధతి. ఇది పొరపాటున జరిగిన మార్పు కాదు, నకలులో దొర్లిన అచ్చుతప్పు అసలే కాదు. ప్రవక్త అంటే ఎవరు అనే దాని మీద జరుగుతున్న వాదం.

ఆ వాదం అన్నిటికంటే గట్టిగా సాగేది యేసు దగ్గర. మర్యమ్ కన్యగా ఆయనను కన్నదని ఖురాన్ అంటుంది, మెస్సీయ అంటుంది, గుడ్డివాళ్లకు చూపిచ్చాడంటుంది. ఖురాన్ పేరుపెట్టి పిలిచిన ఒకే ఒక్క స్త్రీ మర్యమ్. కానీ యేసు దేవుని కుమారుడు కాడంటుంది, శిలువ మీద చంపలేకపోయారంటుంది. శిలువే లేకపోతే క్రైస్తవానికి మిగిలేదేమిటి? అందుకే అన్ని మతాలూ ఒకటే చెబుతున్నాయని సభల్లో దండలేసుకునే మంచివాళ్ల మాటను కూడా నేను ఒప్పుకోను. అది రెండు సమాజాలనూ అవమానించడమే. ప్రాణం పెట్టి నమ్మే చోట విభేదం ఉంది, దాన్ని విభేదంగానే గౌరవించాలి.

నకలు వాదులకు ఇష్టమైన ఆయుధం ఒకటుంది. 19వ సూరాలో మర్యమ్‌ను హారూన్ సోదరీ అని పిలుస్తారు కదా, యేసు తల్లికీ మోషే అక్క మిర్యాముకూ తేడా తెలియలేదా అంటారు. ఇదే ప్రశ్న నజ్రాన్ క్రైస్తవులు ముగీరా అనే సహచరుణ్ని అడిగారు. ఆయన తిరిగొచ్చి చెబితే, ఆ జనం తమ పూర్వ ప్రవక్తల, పుణ్యాత్ముల పేర్లు పెట్టుకునేవాళ్లని ప్రవక్త సమాధానమిచ్చినట్టు సహీ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ బంధువు ఎలీసబెతు అహరోను వంశపు స్త్రీ అనే ఉంది. సమాధానం నచ్చకపోవచ్చు. ఎవరూ పట్టుకోని తప్పును తామే పట్టుకున్నామనడం మాత్రం కుదరదు.

అరువు సిద్ధాంతానికి పండిత రూపం ఇచ్చింది అబ్రహాం గైగర్ అనే జర్మన్ యూదు రబ్బీ. ముహమ్మద్ యూదమతం నుంచి ఏమేం తీసుకున్నాడని 1833లో పుస్తకమే రాశాడు. అప్పటి క్రైస్తవ రచయితల్లాగా ఆయన ప్రవక్తను మోసగాడనలేదు, నిజాయితీ గల మనిషన్నాడు. పుస్తకంలోని గౌరవం పోయింది, అరువు అన్న ముక్క మిగిలింది. ఆ ముక్కను పట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. 1872లో లండన్‌లో జార్జ్ స్మిత్ బాబిలోను మట్టి పలకల మీద జలప్రళయ కథను చదివాడు. ఓడ ఉంది, వదిలిన పక్షులున్నాయి. పాత కథ కనిపించగానే కొత్తదాన్ని నకలు అనేస్తే ఆదికాండం గతేమిటి? ఆ పలకలు దొరికాక కూడా ఆదికాండాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు. పాత కథలో కొత్తగా ఏం చెప్పిందని అడిగారు. ఆ మర్యాద ఖురాన్‌కూ దక్కాలి.

ముస్లిం బోధకులకూ ఒక మాట చెప్పాలి. తౌరాత్ (తోరా), ఇంజీల్ (సువార్త) చెడిపోయాయి, వాటిని ముట్టుకోవాల్సిన పనిలేదని మీరనడం నకలు వాదానికి తమ్ముడే. 10వ సూరా 94వ ఆయతు, సందేహముంటే ముందటి గ్రంథం చదివేవాళ్లను అడగమంటుంది. 5వ సూరా 48వ ఆయతు ఖురాన్‌ను ముందటి గ్రంథాలను ధ్రువీకరించేదిగా, వాటికి కావలిగా చెబుతుంది. దేన్ని ధ్రువీకరిస్తున్నదో తెలియకుండా ధ్రువీకరణ ఎట్లా అర్థమవుతుంది? 15వ శతాబ్దంలో కైరో పండితుడు బిఖాయీ బైబిల్ సాయంతో ఖురాన్‌కు వ్యాఖ్యానం రాశాడు, తప్పుపట్టినవాళ్లకు జవాబుగా ఇంకో గ్రంథమూ రాశాడు. మన దేశంలోనే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1862లో గాజీపూర్ నుంచి బైబిల్ మీద వ్యాఖ్యానం అచ్చువేయడం మొదలుపెట్టాడు. బక్రీదు నాడు మనం వినే త్యాగం కథలో కొడుకు పేరు ఖురాన్ చెప్పదు. ఇస్మాయిల్ అని ఇప్పుడు అందరూ అంటారు గానీ, 923లో చనిపోయిన మహా వ్యాఖ్యాత తబరీ ఇస్హాఖ్ అనే పక్షమే వహించాడు. అంత విశాలంగా చదివిన సంప్రదాయాన్ని ఇరుకు చేసుకోవడం ఎందుకు?

ఈ పోటీ వాదం మన తెలుగు నేల మీద ఒక మనిషిని ఏం చేసిందో కూడా చరిత్రలో ఉంది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో విశాఖపట్నం కోర్టులో ఇస్లామీ ధర్మశాస్త్రం చెప్పే అరబ్బు పండితుడు సబత్ ఉండేవాడు. అరబీ కొత్త నిబంధన చేతికొస్తే ఖురాన్‌ను పక్కన పెట్టుకుని పోల్చి చదివాడని ఆనాటి మిషనరీల కథనం. మద్రాసులో బాప్తిస్మం తీసుకుని నథానియేల్ అయ్యాడు, హెన్రీ మార్టిన్ వెంట బైబిల్ అనువాదంలో పనిచేశాడు. తర్వాత ఇస్లాంకు తిరిగొచ్చి క్రైస్తవానికి వ్యతిరేకంగా పుస్తకం అచ్చువేశాడు. క్రైస్తవంలోకి పోయినప్పుడు ఒక పక్షం విజయమన్నది, ఇస్లాంకు తిరిగొచ్చినప్పుడు రెండో పక్షం విజయమన్నది. ఆ పోల్చి చదవడంలో ఆయనకు కనిపించిందేమిటో అడిగినవాళ్లు తక్కువ. 1854లో ఆగ్రాలో రహమతుల్లా కైరానవీ, ఫాండర్ పాదిరి జనం ముందు వాదించుకున్నప్పుడూ గెలుపోటములే మిగిలాయి. ఇవాళ ఫోన్లలో తిరుగుతున్నవి ఆ వాదాల పిప్పి.

అదే ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పీర్ల పండుగ పదోనాడు దట్టీలు కట్టి, మలీదా పంచి, పీర్ల గుండం చుట్టూ అన్ని కులాలవాళ్లూ తిరుగుతారు. 680లో కర్బలాలో హుస్సేన్ బలైన రోజది. ఆ రోజుకు అంతకంటే పాత జ్ఞాపకం ఒకటుంది. మదీనా యూదులు ఆ నాడు ఉపవాసముండటం చూసి ప్రవక్త కారణమడిగారని, ఫిరౌను చేతి నుంచి మూసాను దేవుడు కాపాడిన రోజని వాళ్లు చెబితే, మూసా మీద మాకు ఇంకా ఎక్కువ హక్కుందని తానూ ఉపవాసం పట్టారని హదీసులు చెబుతాయి. ముస్లింలలో చాలామంది ఇప్పటికీ ఆ ఉపవాసం ఉంటారు. అక్కడ పొరుగువాళ్ల జ్ఞాపకాన్ని దాచేసి తమదని చెప్పుకున్నవాళ్లెవరూ లేరు. అడిగి తెలుసుకుని, మాకూ అందులో వాటా ఉందని ఎదుటే నిలబడి అన్నారు.

ఖురాన్‌ను మొట్టమొదట తెలుగు చేసింది ఆంధ్ర భాషా చరిత్రము రాసిన చిలుకూరి నారాయణరావు. ముస్లిం కాని పండితుడు అంత ఓపిక పట్టాడు. ఇప్పుడు తెలుగులో ఖురాన్ ఉంది, బైబిల్ ఉంది. నకలు అనేవాళ్లు ఆదికాండం 37 నుంచి 50 దాకా ఉన్న యోసేపు కథనూ, 12వ సూరా యూసుఫ్‌నూ పక్కపక్కన పెట్టుకోవాలి. మేక రక్తంలో ముంచిన అంగీ ఆదికాండంలో తండ్రిని నమ్మిస్తుంది, ఖురాన్‌లో నెత్తుటి చొక్కాను తండ్రి నమ్మడు. ఐగుప్తులో యజమాని భార్య చేతిలో మిగిలిన వస్త్రం ఆదికాండంలో యోసేపును జైలుకు పంపే సాక్ష్యం, ఖురాన్‌లో వెనకవైపు చిరిగిన చొక్కా ఆయన తప్పులేదని తేల్చే సాక్ష్యం. మూడో చొక్కా ఆదికాండంలో లేనే లేదు: ఏడ్చి ఏడ్చి చూపు పోయిన తండ్రి ముఖం మీద వేస్తే చూపు తిరిగొస్తుంది. ఈ పద్నాలుగు అధ్యాయాలూ, ఆ 111 ఆయతులూ ఒక్క పూటలో అయిపోతాయి. చదివి రండి, అప్పుడు వాదిద్దాం.