వంటయింటి ముచ్చట్లు: కాఫీ కాచు తెఱగులు

గతమాసమున ఊరగాయ జాడీల గుఱించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున కాఫీ సంగతి వ్రాయుమని ఒక సోదరి జాబు వ్రాసినది. "ఇంట కాచిన కాఫీ రుచి ఊరిబయట కాచినప్పుడు ఏల రాదు? ఏ పద్ధతి మేలు?" అని ఆమె ప్రశ్న. ఇందులకు సమాధానము నాకు పుస్తకములలో దొరకలేదు. కార్తికమాసపు వనభోజనములలో, అదియు కొంత సిగ్గుపడిన పిమ్మట, నేర్చుకొంటిని.

నా పుట్టినిల్లు జగ్గయ్యపేట, అత్తవారిల్లు నందిగామ. రెండును హైదరాబాదు–విజయవాడ రాచబాటపై నున్న ఊళ్లే. 2022 లో కృష్ణాజిల్లా నుండి విడివడి రెండును ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఊళ్లు దగ్గఱవే గాని కాఫీ విషయమున మా రెండిండ్లకు చాల దూరము. మా పుట్టింట ఇత్తడి ఫిల్టరు. అత్తవారింట గిన్నెలో కాచి గుడ్డతో వడపోయుట. కాపురమునకు వచ్చినప్పుడు నా సారెతో పాటు ఫిల్టరు కూడ వచ్చినది. పదునాలుగేండ్లుగా ఆ యింట రెండు మతములు నడచుచున్నవి. నా మతమే గొప్పదని నేను లోలోపల గర్వించుచుంటిని.

కాఫీ మన పురాణములెఱుగని పానీయము. పదునేడవ శతాబ్దమున బాబా బుదన్ అను ఫకీరు అరబ్బుదేశము నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని చెప్పుదురు. మన తెలుగునాట తూర్పుకనుమలలోని పాములేరు లోయలో 1898 లో కాఫీ నాటిరి. నేడు అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో గిరిజన కుటుంబములు పెద్దచెట్ల నీడను, మిరియపు తీగెల నడుమ దీనిని పండించుచున్నవి. అరకు అరబికా కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు లభించినది. మనము ప్రొద్దున త్రాగు గ్రుక్కెడు కాఫీ వెనుక ఒక కొండవనిత పండు పండుగా ఏఱిన శ్రమ యున్నది. దానిని చెడగాచుట న్యాయము గాదు.

ముందుగా పొడి మాట. గింజలలో అరబికా, రోబస్టా యని రెండు ముఖ్యజాతులు. అరబికా సువాసన గలది, నాలుకకు కొంచెము పులుపు తోచును. రోబస్టా చేదును చిక్కదనమును గలది. అందు కెఫీను సుమారు రెండింతలు. చికోరీ కాఫీ కానే కాదు. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి వేయించి పొడిచేయుదురు. అందు కెఫీను లేదు. రంగును చిక్కదనమును మాత్రము ఇచ్చును. చట్టము ననుసరించి కాఫీ-చికోరీ మిశ్రమమున నూటికి 51 పాళ్లకు తక్కువ గాకుండ కాఫీ యుండవలెను. చికోరీ ఎంతయో పొట్లముపై తెలుపవలెను. ఆ చిన్న యక్షరములను చదువుట మన చదువునకు ఒక మంచి ఉపయోగము.

ఇక కాచు పద్ధతులు. మొదటిది ఫిల్టరు. నలుగురికి 40 గ్రాముల పొడిని పైగిన్నెలో పోసి, చిల్లుల బిళ్లతో తేలికగా అదిమి, తెరలిన నీటిని దింపి రెండు క్షణములు ఆగి, 220 మిల్లీలీటర్లు సన్నధారగా పోసి మూతపెట్టవలెను. పొడి తన బరువునకు రెండింతల నీటిని తనలో నిలుపుకొనును. మిగిలినది 140 మిల్లీలీటర్ల డికాక్షనుగా ఇంచుమించు ఇరువది నిమిషములలో క్రిందికి దిగును. పొడి మరీ మెత్తనైనచో చిల్లులు పూడి చుక్కయు దిగదు. మరీ ముతకయైనచో నీళ్లు నీళ్లుగా జాఱిపోవును. ఈ పద్ధతికి ఓపిక యొక్కటే మూల్యము.

రెండవది మా అత్తగారి పద్ధతి. ముతకపొడి కావలెను. నీరు తెరలిన పిదప గిన్నెను పొయ్యి మీది నుండి దింపి, అప్పుడు పొడి వేసి ఒకమారు కలిపి, మూతపెట్టి నాలుగు నిమిషములు కదలింపక ఉంచవలెను. పిమ్మట రెండు చెంచాల చన్నీరు చిలికినచో పైనున్న పొడి అడుగునకు దిగును. తడి గుడ్డలో వడపోయవలెనే గాని పిండరాదు. పిండినచో మడ్డియు చేదును దిగును. ఆ గుడ్డను సబ్బు తగులనీయక వట్టి నీట ఉతికి ఎండలో ఆఱవేయవలెను. లేనిచో దానికి పట్టిన కాఫీనూనె మక్కి మఱునాటి కాఫీకి కంపు తగిలించును. చాలమంది ఈ పద్ధతిని నిందించుటకు కారణము పద్ధతి కాదు, పొడిని పొయ్యిమీదనే ఉంచి కుతకుత ఉడికించుట.

మూడవది కాగితపు వడపోత. దీనిని కనుగొన్నది మనవంటి గృహిణియే. జర్మనీలోని డ్రెస్డెను నగరమున మెలిట్టా బెంట్స్ అను ఇల్లాలు, కాఫీలోని మడ్డికి విసిగి, ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు బడిపుస్తకములోని అద్దుడు కాగితమును అందు పఱచి వడపోసినది. 1908 లో దానికి హక్కుపత్రము పొందినది. వడపోయక త్రాగెడు కాఫీలో కొలెస్టరాలును పెంచు నూనెపదార్థము లుండును. కాగితము వానిని చాలవఱకు ఆపును. గుండెజబ్బు గలవారున్న యింట ఈ మాట గుర్తుంచుకొనదగినది. అయితే కాగితమునుండి దిగిన కాఫీ పలుచన. మన పాలకాఫీకి పొడి కొంత హెచ్చుగా వేయవలసి వచ్చును.

నాలుగవది ఇన్‌స్టెంటు పొడి. ఇది గింజల పొడి కాదు; కర్మాగారమున కాచిన కాఫీలోని నీటిని ఆవిరిగా పోగొట్టగా మిగిలిన సారము. స్విట్జర్లాండులో 1938 లో నెస్కెఫే వెలువడినప్పటినుండి ఇది లోకమంతయు ప్రాకినది. మన గుంటూరు జిల్లా దుగ్గిరాలలోను దీనిని తయారుచేయు పెద్ద కర్మాగారమున్నది. సువాసన కొంత పోవును, శ్రమ యంతయు పోవును. పసిబిడ్డ ఏడ్చుచున్న వేళ దీనిని కలుపుకొన్న తల్లిని నేను తప్పుపట్టను.

నీటి మాట మఱువరాదు. మాది సున్నపురాతి నేల. జగ్గయ్యపేట చుట్టునున్న సిమెంటు కర్మాగారములకు ఆ రాయియే ఆధారము. బోరునీటిలో ఆ సున్నము కరగియుండును. నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరును చూచియుందురు. అట్టి నీరు కాఫీలోని మేలైన పులుపును చంపి చప్పన చేయును. రాత్రియే నీరు మరగించి చల్లార్చి, తెల్లవాఱిన తరువాత అడుగునున్న తెల్లని మడ్డి కదలకుండ పైతేట తీసికొన్నచో కొంత మేలు. నందిగామలో కుదిరిన కొలత జగ్గయ్యపేటలో కుదరకపోవుటకు నీరే కారణమని నేను చాలకాలమునకు గ్రహించితిని.

ఇక వనభోజనముల కథ. పోయిన కార్తికమున పదునేడుగురము వేదాద్రికి వెళ్లితిమి. కృష్ణ యొడ్డున నరసింహస్వామి దర్శనము చేసికొని ఉసిరిచెట్టు నీడకు చేరితిమి. నా ఫిల్టరును పట్టుబట్టి వెంట తెచ్చితిని. మూడు రాళ్లు పెట్టి పుల్లలు రాజేసితిని. ఏటిగాలి మంటను ప్రక్కకు త్రోయుచున్నది. గిన్నెకు మూత లేదు. ఎంతకు నీరు తెరలదు. ఓపిక పట్టలేక సగము కాగిన నీటినే పోసితిని. పైగా ఆ పొడి మరీ మెత్తగా పట్టించినది. అరగంటకు గిన్నె అడుగున నాలుగు చెంచాలు! పాలు చూచితిని గదా, తెల్లవాఱుజామున కాచి తెచ్చినవి ఎండకు విఱిగిపోయినవి. మా ఆడబిడ్డ నవ్వాపుకొనలేక నదివైపు తిరిగినది.

అప్పుడు మా అత్తగారు లేచి, "అమ్మాయీ, ఆ పెద్దగిన్నె ఇటు తే. మూతకు ఒక పళ్లెం చూడు" అన్నది. గాలి వచ్చు వైపు రెండు రాళ్లు హెచ్చుగా నిలిపినది. పొగ తగ్గువఱకు ఎండుపుల్లలే వేసినది. తాను ముందుచూపుతో ముతక పొడి ఒక డబ్బాలో తెచ్చుకొన్నదని నాకు అప్పుడే తెలిసినది. ఊరిలో అప్పుడే పితికిన పాలు తెప్పించినది. నీరు కళపెళ తెరలగా దింపి, పొడివేసి, పళ్లెము మూసి, చన్నీరు చిలికి, తన మడిగుడ్డతో వడపోసినది. పదిహేను నిమిషములలో అందఱి చేతను గ్లాసు లున్నవి. అంతటి కాఫీ నేను ఏ యింటను త్రాగలేదని మా వారు బహిరంగముగా అనిరి. నేను తల వంచుకొంటిని.

కాబట్టి సోదరి ప్రశ్నకు నా యుత్తరమిది: ఇంట గాలి లేదు, తొందర లేదు, అచ్చట ఫిల్టరుకు సాటిలేదు. ఆరుబయట వేడి నిలువదు. నీటిని పొడిని ఒకే గిన్నెలో మూసియుంచు పద్ధతియే అచ్చట గెలుచును. పాలు కలిపిన కాఫీని ఫ్లాస్కులో పోసి గంటల తరబడి త్రిప్పరాదు. గోరువెచ్చని పాలలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. డికాక్షను వేఱుగా కొనిపొండు. పాలు అచ్చటనే కాచుకొనుడు. ఫ్లాస్కును ముందుగా మరిగిన నీటితో కడిగి వేడిచేసినచో వేడి ఎక్కువసేపు నిలుచును. తిరపతమ్మ తిరునాళ్లకు పెనుగంచిప్రోలు వెళ్లువారికిని ఇదియే చెప్పుదును.

కథ ఇంతటితో ముగిసిన ఈ పుట వ్రాయకనే పోదును. అందఱికి పోసిన పిదప గిన్నెలో డికాక్షను మిగులలేదు. నేను అలవాటుకొద్ది, "అత్తయ్యా, మనిద్దరికీ ఆ పిప్పి మీద ఇంకాసిన్ని నీళ్లు పోస్తాను" అంటిని. ఆమె, "అలాగే, అమ్మాయీ! మొదటి కాఫీ తాగి నాకు ఎన్నేళ్లయిందో గుర్తే లేదు" అని నవ్వినది. ఆమె నవ్వినది గాని నాకు నవ్వు రాలేదు.

క్షీరసాగరమును చిలికినప్పుడు హాలాహలము ముందు వచ్చినది, అమృతము కడపట వచ్చినది. కాఫీ కథ దీనికి తలక్రిందు. సువాసనయు, పులుపును, తీపిని ముందుగా నీటిలోనికి దిగును. చేదును వగరును కడపట దిగును. కావున పిప్పిపై మరల పోసిన నీటిలో మిగులునది చేదే. ఆ చేదును మన యిండ్లలో ఎవరు త్రాగుచున్నారో మీరే తలపోయుడు. శివునివలె మ్రింగుచున్నది ఇల్లాలు; కాని ఆమెను నీలకంఠుడని ఎవ్వరును కొలుచుట లేదు.

ఇది రుచిని గుఱించిన మాట మాత్రమే కాదు. మా అత్తగారికి మూడేండ్ల క్రిందట రక్తహీనత యని వైద్యురాలు చెప్పినది. ఆమె ప్రొద్దున ఏమియు తినక కాఫీతోనే పదిగంటలవఱకు పని చేయును. అందఱి భోజనములైన పిదప తాను తిని, వెంటనే మరల కాఫీ త్రాగును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కనబడినది. కాఫీ ఒక్కటే ఇందులకు కారణము కాదు. కాని భోజనముతోనో, భోజనమైన వెంటనో త్రాగిన కాఫీ అన్నములోని, ఆకుకూరలలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. భోజనమునకు కాఫీకి నడుమ గంట రెండుగంటలు ఎడముంచుట మేలు. గర్భిణులు కాఫీ తగ్గించుకొనవలెను. దినమునకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీను పుచ్చుకొనువారు తప్పక తగ్గించవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కాఫీ ఆకలిని చంపును గాని ఆకలి తీర్చదు.

ఆ దినము నుండి మా యింట ఒక చిన్న మార్పు. నలుగురికి కాచునప్పుడు ఆర్గురికని పొడి కొలుచుచున్నాను. ఆ యిద్దఱు నేనును, మా అత్తగారును. మొదటి డికాక్షను దిగగానే ఆమె గ్లాసు ముందు నింపి, తరువాత తక్కినవారివి నింపుదును. ఆమె మొదట ఒప్పుకొనలేదు. "మగవాళ్లు తాగకుండా నాకెందుకే?" అన్నది. మా వారే ఆ గ్లాసు తీసికొనిపోయి తల్లి చేతి కిచ్చిరి. ఇప్పుడు ప్రొద్దున ఒక ఇడ్లీయైనను తిని, ఒక గంట గడచినగాని కాఫీ అడుగదు. పిప్పిని గులాబిమొక్క మొదట వేయుచున్నాము.

సోదరీమణులారా, ఫిల్టరైనను, గుడ్డయైనను, కాగితమైనను, మీకు కుదిరిన పద్ధతిని కాచుకొనుడు. కాని కొలత వేయునప్పుడు మిమ్మును కూడ లెక్కలో చేర్చుకొనుడు. వచ్చుమాసమున కందిపొడి సంగతి ముచ్చటించుకొందము.