ఇద్దరికీ ఒకే నెంబరు



హాజరుపట్టీలో పొరబాటున ఇద్దరికి ఒకే నెంబరు పడిందనుకోండి. మేష్టారు "ఏడు!" అనగానే ఇద్దరూ పలుకుతారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆయనకెలా తెలుస్తుంది? పాత కంప్యూటర్లకు కూడా ఇటువంటి చిక్కే వచ్చేది.

1996లో సికింద్రాబాదులో నేను పనిచేసిన బడిలో ఒక పాత కంప్యూటరు వుండేది. ఇంగ్లీషు ఉచ్చారణ వినిపించడానికని దానికి సౌండుకార్డు కొని పెట్టించాము. మర్నాడు మీట నొక్కితే ఏం వినపడిందనుకున్నారు? "గుడ్, గుడ్, గుడ్, గుడ్..." అంతే! "మార్నింగ్" రానేలేదు. అంతకుముందు దాని దగ్గర కూర్చున్నది ఎనిమిదో తరగతి కుర్రవాడు. "నేనేమీ చెయ్యలేదు సార్" అని వాడు ఎంత చెప్పినా వినక, గంటసేపు బయట నిలబెట్టాను.

సాయంత్రం కార్డుతో వచ్చిన పుస్తకం తెరిచాను. కార్డుకు మూడు నెంబర్లు కుదరాలి.

మొదటిది చిరునామా. ఇది ఇంటినెంబరు వంటిది. కార్డుకు ఆజ్ఞలు ఇక్కడికే చేరతాయి. సౌండ్‌బ్లాస్టర్ కార్డుకు మామూలుగా ఇది 220. ఇది మన పదుల లెక్క కాదు, పదహార్ల లెక్క. 2×256 + 2×16 + 0 = 544 అన్నమాట.

రెండవది పిలుపుగంట. "ఇచ్చిన శబ్దం అయిపోయింది, తరువాతది పంపండి" అని కార్డు గంట కొడుతుంది. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. ఏ.టి. రకం కంప్యూటర్లలో ఈ గంటలకు 0 నుంచి 15 వరకు నెంబర్లున్నవి. గడియారానిది 0, కీబోర్డుది 1, ఫ్లాపీది 6, ప్రింటరుది 7.

మూడవది సామానుదారి. ప్రాసెసరును కదపకుండా, శబ్దం మెమరీ నుంచి తిన్నగా కార్డుకు చేరే దారి ఇది. దీని నెంబరు 1.

మా కార్డు గంట కూడా 7 మీదే వున్నది! అందుచేత దాని పిలుపు కంప్యూటరుకు అందలేదు. కొత్త శబ్దం రాలేదు. సామానుదారిలో పాత ముక్కే మళ్ళీ మళ్ళీ తిరిగింది.

కరెంటు తీసివేసి, కార్డు మీద జంపరు అనే చిన్న తొడుగును 7 నుంచి 5కు మార్చాను. కంప్యూటరు లేవగానే చదివే ఫైలులో కూడా 7 కొట్టివేసి 5 అని దిద్దాను. రెండుచోట్లా ఒకటే లేకపోతే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఈసారి "గుడ్ మార్నింగ్" పూర్తిగా పలికింది!

మర్నాడు తరగతి అందరి ముందూ, "తప్పు నాది, నీది కాదు" అని ఆ కుర్రవాడితో చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "5 ఇంకెవరిదీ కాదు గదా సార్?" అని అడిగాడు. ఎంత చక్కని ప్రశ్నో చూడండి! రెండో ప్రింటరు తగిలిస్తే అది దానిదే. మా అదృష్టంకొద్దీ మాకు రెండో ప్రింటరు లేదు.

1995లో విండోస్ 95 వచ్చిన తరువాత, నెంబర్లు పంచే పనిని క్రమంగా యంత్రమే చూసుకోసాగింది. ఇప్పుడు మీ ఇంటి కంప్యూటరులో జంపర్లు మార్చే అవసరమే రాదు. కాని ఏదైనా చెడిపోయినప్పుడు, ఎవరినైనా కోప్పడేముందు గంట ఎక్కడ తప్పిందో చూడటం మాత్రం ఇప్పటికీ మన పనే.

ఇక మీకో లెక్క. కొన్ని సౌండుకార్డుల్లో సంగీత వాయిద్యాలను కలిపే ద్వారానికి 330 అనే చిరునామా వుండేది. పదహార్ల లెక్కలోని ఆ 330, మన లెక్కలో ఎంత? జవాబు వచ్చే నెల చూసుకుందాం.